సాగరగర్భంలో సినిమా

'సముద్రం అడుగున ఇరవైవేల లీగులు' అనే పేరు వినగానే అదేదో అంత లోతుకు దిగిన కథ అని చాలామంది అనుకొంటారు. లీగు అంటే సుమారు 4 కిలోమీటర్లు. మన పెద్దలు చెప్పే క్రోసు కంటే కొంచెం ఎక్కువ. ఆ లెక్కన ఇరవైవేల లీగులంటే 80,000 కిలోమీటర్లు. భూమిని ఈ పక్క నుంచి ఆ పక్కకు తొలుచుకొంటూ పోయినా 13,000 కిలోమీటర్లు దాటదు. కాబట్టి అది లోతు కాదు, దూరం. నీటి అడుగున ప్రయాణిస్తూ భూగోళాన్ని దాదాపు రెండుసార్లు చుట్టివచ్చినంత దూరం.

ఈ నవల రాసినవాడు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్. 1869, 1870 సంవత్సరాల్లో ఇది ఒక పత్రికలో ధారావాహికగా వెలువడింది. అప్పటికి జలాంతర్గామి అన్నది ప్రయోగాల దశలోనే ఉంది. 1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఫ్రెంచి నౌకాదళం తయారుచేసిన జలాంతర్గామి నమూనా ఒకటి పెట్టారు. వెర్న్ దాన్ని చూశాడు. తన నవలలోని ఓడకు 'నాటిలస్' అని పేరు పెట్టాడు. ఆ పేరు కూడా కొత్తది కాదు. అమెరికా ఇంజనీరు రాబర్ట్ ఫుల్టన్ 1800లో కట్టిన జలాంతర్గామికి అదే పేరు. వెర్న్ గొప్పతనం లేనిదాన్ని ఊహించడంలో కంటే, అప్పుడప్పుడే మొలకెత్తుతున్నదాన్ని చూసి, అది చెట్టయితే ఎలా ఉంటుందో చెప్పగలగడంలో ఉంది.

కథ స్థూలంగా ఇది. సముద్రంలో ఏదో మహాజంతువు ఓడలను గుద్దుతున్నదని వార్తలు వస్తాయి. దాన్ని వేటాడడానికి అమెరికా నుంచి 'అబ్రహాం లింకన్' అనే యుద్ధనౌక బయలుదేరుతుంది. అందులో ఆరొనాక్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు, అతని సేవకుడు కొన్సెయ్, నెడ్ లాండ్ అనే తిమింగలాల వేటగాడు ఉంటారు. తీరా చూస్తే అది జంతువు కాదు, ఇనుప ఓడ. ముగ్గురూ అందులో బందీలవుతారు. దాని అధిపతి పేరు నెమో. లాటిన్ భాషలో నెమో అంటే 'ఎవరూ కాదు' అని అర్థం. అతడు ఏ దేశస్థుడో, ఎందుకు మనుషులకు దూరమయ్యాడో, కొన్ని ఓడలను ఎందుకంత కసితో ముంచుతాడో పుస్తకం చివరిదాకా తెలియదు.

తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. వెర్న్ మొదట నెమోను పోలండు దేశపు ప్రభువుగా అనుకొన్నాడు. 1863లో పోలండు ప్రజలు రష్యా చక్రవర్తిపై తిరుగుబాటు చేశారు. రష్యా దాన్ని క్రూరంగా అణచివేసింది. ఆ తిరుగుబాటులో సర్వస్వం పోగొట్టుకొన్నవాడు నెమో అన్నది రచయిత ఊహ. ప్రచురణకర్త హెట్సెల్ దీనికి ఒప్పుకోలేదు. రష్యాలో వెర్న్ పుస్తకాలు బాగా అమ్ముడుపోతున్నాయి. ఆ ప్రభుత్వానికి కోపం తెప్పించడం అతనికి ఇష్టం లేదు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. చివరకు నెమో దేశమేదో చెప్పకుండానే నవల ముగిసింది.

అయినా వెర్న్ నవలలో అక్కడక్కడ కొన్ని ఆనవాళ్లు వదిలాడు. వాటిలో ముఖ్యమైనది మన సముద్రాల్లోనే కనిపిస్తుంది. నాటిలస్ హిందూ మహాసముద్రం దాటి బంగాళాఖాతంలో ప్రవేశిస్తుంది. గంగానది సముద్రంలోకి మోసుకువచ్చిన శవాలు నీటిపై తేలుతూ కనిపిస్తాయి. రాత్రివేళ నీరు పాలలాగా తెల్లగా మెరుస్తుంది. తరువాత ఓడ సింహళం పక్కన, మన్నారు సింధుశాఖలో ముత్యపుచిప్పలు దొరికే చోటికి చేరుతుంది. అక్కడ ఒక పేద భారతీయుడు కాళ్ల మధ్య రాయి పెట్టుకొని ముత్యాల కోసం మునుగుతుంటాడు. అతనిపైకి సొరచేప వస్తుంది. నెమో చేతిలో కత్తితో ఆ సొరచేపకు ఎదురువెళతాడు. అతణ్ణి బతికించి, ముత్యాల సంచి ఒకటి చేతిలో పెట్టి పంపుతాడు. మనుషులంటే గిట్టని నీవు ఈ మనిషి కోసం ఎందుకు ప్రాణాలకు తెగించావని ఆరొనాక్స్ అడుగుతాడు. అతడు అణగదొక్కబడినవారి దేశానికి చెందినవాడు, నేను నా చివరి శ్వాస వరకు ఆ దేశం వాణ్ణే అనే అర్థం వచ్చేలా నెమో జవాబిస్తాడు. ఆ మాటను అప్పట్లో పాఠకులు ఉపమానంగానే తీసుకొని ఉంటారు.

అది ఉపమానం కాదని 1875లో పూర్తయిన 'మర్మదీవి' అనే మరో నవలలో తేలింది. అమెరికా అంతర్యుద్ధం నుంచి బెలూనులో తప్పించుకొన్న కొందరు ఒక దీవిలో పడతారు. వారికి ఎవరో కనపడకుండా సహాయం చేస్తుంటారు. ఆ సహాయం చేసినవాడు ముసలివాడైన నెమో. మరణశయ్యపై తన కథ చెబుతాడు. అతని అసలు పేరు డక్కర్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు. మైసూరు పులి టిప్పు సుల్తానుకు మేనల్లుడి వరస. పదేళ్ల వయసులో తండ్రి అతణ్ణి చదువుకోసం యూరపుకు పంపాడు. ముప్ఫయ్యో ఏట, 1849లో తిరిగివచ్చాడు. పెండ్లి చేసుకొన్నాడు. 1857లో తిరుగుబాటు రాగానే అందులో దూకాడు. ఇరవై పోరాటాల్లో పాల్గొని పది గాయాలు పొందాడు. తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు అందరూ పోయారు. ఇంగ్లీషు ప్రభుత్వం అతని తలకు వెల కట్టింది. అప్పుడతడు భూమిని వదిలి సముద్రంలోకి వెళ్లిపోయాడు.

చరిత్ర తెలిసినవారికి ఇక్కడ కొంచెం నవ్వు రావచ్చు. టిప్పు 1799లోనే శ్రీరంగపట్టణం కోటలో మరణించాడు. డక్కర్ పుట్టింది 1819 ప్రాంతంలో అవుతుంది. శ్రీరంగపట్టణం ఎక్కడ, బుందేల్‌ఖండ్ ఎక్కడ? డక్కర్ అనే పేరు మాత్రం మన దేశంలో ఎవరికుంది? వెర్న్ భారతదేశానికి ఎన్నడూ రాలేదు. ఆంగ్లేయులను ఎదిరించినవారిలో యూరపులో బాగా వినిపించిన పేరు టిప్పుది. 1857లో బాగా వినిపించిన ప్రాంతాల్లో బుందేల్‌ఖండ్ ఒకటి. రెండింటినీ ఒకచోట ముడివేశాడు. ముడి సరిగ్గా పడలేదు. కాని దాని వెనుక ఉన్న భావం నిజమైనది. తన రచనల్లోని అత్యంత మేధావి, అత్యంత స్వాభిమాని అయిన పాత్రను పరాయిపాలనలో నలిగిన దేశపు మనిషిగా చేయడం ఆ రోజుల్లో ఒక యూరపు రచయిత చేసిన చిన్న పని కాదు.

ఈ రెండు నవలలను కలిపి 1916లో అమెరికాలో ఒక మూకీ చిత్రం తీశారు. తీసినది యూనివర్సల్ అనే సంస్థ. దర్శకుడు స్టువర్ట్ పేటన్. మూకీ చిత్రాల్లో మాట వినపడదు. బొమ్మ నడుస్తుండగా మధ్యమధ్య అక్షరాలు రాసిన పలకలు తెరమీద వస్తాయి. పాత్రలు ఏమనుకొంటున్నారో, కథ ఎక్కడ జరుగుతున్నదో అవే చెప్పాలి. పక్కన కూర్చొని ఒకరు పియానో వాయించేవారు. పెద్ద థియేటర్లలో వాద్యబృందమే ఉండేది. మన దేశంలో అయితే తెర పక్కన ఒకడు నిలబడి, చదువురానివారికి కథ బిగ్గరగా చెప్పేవాడు. ఇన్ని పరిమితులున్న సాధనంతో పెద్ద నవలను చూపడం కష్టం. అందులోనూ కథలో ముప్పాతిక వంతు నీటి కింద జరిగే నవల.

అంతకుముందు ఈ కథను ముట్టుకొన్నవారు లేకపోలేదు. ఫ్రాన్సులో జార్జి మెలియే అనే చిత్రకర్త 1907లో దీన్ని అనుకరిస్తూ ఒక చిన్న హాస్యచిత్రం తీశాడు. అందులో సముద్రం అంటే రంగులు పూసిన తెరలే. మన నాటకాల్లో అడవి, కోట తెరల వంటివి. చూడడానికి ముచ్చటగా ఉంటాయి, అంతే. నీటిలో నిశ్చల ఛాయాచిత్రాలు తీయడం కూడా కొత్త కాదు. లూయీ బూతాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1893లోనే ఆ పని మొదలుపెట్టాడు. కాని నిజమైన సముద్రం అడుగున, కదిలే చేపల మధ్య, నటులను నడిపించి కథాచిత్రం తీయడానికి ఎవరూ సాహసించలేదు.

ఆ సాహసానికి మూలం ఒక గొట్టం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో చార్లెస్ విలియమ్సన్ అనే నావికుడుండేవాడు. మునిగిన ఓడలను వెలికితీయడానికి, నీటి అడుగున మరమ్మతులు చేయడానికి అతడు ఒక ఇనుప గొట్టాన్ని కనిపెట్టాడు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఇనుప వలయాలతో చేసినది కాబట్టి అది హార్మోనియం తిత్తిలాగా సాగేది, ముడుచుకొనేది, అటూ ఇటూ వంగేది. లోపల మనిషి దిగగలిగినంత వెడల్పు. పై అంచు పంటు వంటి వెడల్పైన నావకు బిగించి ఉంటుంది. కింది అంచు సముద్రంలోకి వేలాడుతుంది.

దీని తెలివి ఎక్కడున్నదో గమనించాలి. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున బరువు పెరుగుతుంది. 20 మీటర్ల లోతున ఉన్న ఈతగాడి ఒంటిపై, నేలపై ఉన్నప్పటికంటే మూడురెట్లు పీడనం ఉంటుంది. ఊపిరితిత్తులు, చెవులు దాన్ని తట్టుకోవాలి. పైకి వచ్చేటప్పుడు తొందరపడితే రక్తంలో గాలి బుడగలు లేచి ప్రాణాపాయం కూడా. కాని విలియమ్సన్ గొట్టం పైన తెరిచి ఉంటుంది. లోపలి గాలి బయటి గాలితో కలిసే ఉంటుంది. నీటి బరువంతా ఇనుము మోస్తుంది. లోపలి మనిషి మామూలు గాలి పీల్చుకొంటూ, చొక్కా చేతులు మడుచుకొని, ఇంట్లో పని చేసినట్లు పని చేసుకోవచ్చు. బావిలోకి దిగినట్లు దిగడం, మెట్లెక్కి పైకి రావడం. అంత సులభం.

చార్లెస్ కొడుకులు ఎర్నెస్ట్, జార్జి. ఎర్నెస్ట్ పత్రికలో పనిచేసేవాడు. ఛాయాచిత్రాలంటే ఆసక్తి. తండ్రి గొట్టాన్ని మరమ్మతులకు కాక చూడడానికి వాడితే ఎలా ఉంటుందనే ఆలోచన అతనిదే. గొట్టం చివర ఒక ఉక్కు గది బిగించారు. దానికి ఒకవైపు గరాటులాగా వెడల్పైన మూతి, ఆ మూతికి దళసరి గాజు. ఆ గాజు వెడల్పు సుమారు ఒకటిన్నర మీటరు. గదిలో కెమెరా, దాన్ని చేత్తో తిప్పే మనిషి. వారి ఇంటి దగ్గరి సముద్రం మురికిగా ఉండడంతో ఎంత దూరం కనిపిస్తుందన్నది సందేహమైంది. అందుకని బహమా దీవులకు వెళ్లారు. అక్కడి నీరు స్ఫటికంలాగా ఉంటుంది. అడుగున తెల్లటి ఇసుక సూర్యకాంతిని మళ్లీ పైకి విసురుతుంది. పెద్ద నదులేవీ లేకపోవడంతో ఒండ్రుమట్టి వచ్చి కలవదు. తమ నావకు వారు పెట్టుకొన్న పేరు 'జూల్స్ వెర్న్'.

1914లో వారు తీసిన మొదటి చిత్రం కథ లేనిది. పగడపు దిబ్బలు, చేపలు, మునిగిపోయిన ఓడ అవశేషాలు. డబ్బు పెట్టినవారికి మాత్రం అవి చాలవు. మనిషికీ సొరచేపకూ పోరాటం కావాలి. చచ్చిన గుర్రాన్ని ఎరగా వేలాడదీశారు. సొరచేపలు వచ్చాయి. అక్కడి ఈతగాళ్లు నీటిలోకి దూకారు గాని, జరగవలసినది కెమెరా ఎదుట జరగలేదు. చివరకు ఎర్నెస్ట్ తానే ఒంటికి నూనె పూసుకొని, కత్తి పట్టుకొని దూకి, గాజు కిటికీ ముందే సొరచేపను పొడిచి చంపానని తన ఆత్మకథలో రాసుకొన్నాడు. నెమో చేసిన పనిని నవల చదివినవాడొకడు నిజంగా చేశాడన్నమాట. పాపం, ఆ సొరచేప ఎవరినీ ఏమీ చేయలేదు.

ఆ చిత్రం విజయవంతం కాగానే వెర్న్ నవలను తెరకెక్కించే పని మొదలైంది. నీటి అడుగు దృశ్యాలు బహమా దీవుల్లోనే తీశారు. ఇందులో మూడు నాలుగు సంగతులు తెలుసుకోదగినవి.

మొదటిది కాంతి. సూర్యకాంతిలో ఏడు రంగులున్నా నీరు వాటన్నిటినీ ఒకేలా పోనివ్వదు. ఎరుపును ముందు మింగుతుంది. కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్రటి చేప కూడా మసిరంగులో కనిపిస్తుంది. మిగిలేవి ఆకుపచ్చ, నీలం. ఆ కాలపు ఫిల్ము ఎరుపు రంగును పట్టుకోలేదు. నీలం, ఆకుపచ్చలను పట్టుకొంటుంది. నేలమీద అది పెద్ద లోపం. నటుల పెదవులు నల్లగా కనిపించేవి. నీటి కింద మాత్రం ఆ లోపం అడ్డురాలేదు. సముద్రం మిగిల్చిన రంగులే ఫిల్ముకు కావలసిన రంగులయ్యాయి.

రెండవది వక్రీభవనం. గ్లాసులో నీళ్లు పోసి చెంచా పెడితే విరిగినట్లు కనిపిస్తుంది కదా. నీటిలోంచి గాజు దాటి గాలిలోకి వచ్చే కాంతి అలాగే వంగుతుంది. అందువల్ల కిటికీ ఇవతలి నుంచి చూస్తే అవతలి వస్తువులు ఉన్నదాని కంటే దగ్గరగా, సుమారు మూడోవంతు పెద్దవిగా కనిపిస్తాయి. నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది మూడు మీటర్లలో ఉన్నట్లు తోస్తుంది. కెమెరా దూరం సరిచేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే బొమ్మ మసకబారుతుంది.

మూడవది నటుల ఊపిరి. నవలలో నెమో, అతని మనుషులు పైనుంచి గాలి గొట్టం లేకుండానే, వీపున గాలి పెట్టె తగిలించుకొని సముద్రం అడుగున వేటకు పోతారు. అది వెర్న్ కల్పన కాదు. రూకెరోల్, దెనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1860ల్లో తయారుచేసిన పరికరాన్నే అతడు కొంచెం మెరుగుపరచి వాడుకొన్నాడు. చిత్రంలో కూడా వేషధారులు అలాగే, పైనుంచి గొట్టం లేకుండా, తమ వెంట తెచ్చుకొన్న పరికరంతోనే ఊపిరి పీల్చుకొంటూ నడిచారు. బరువైన బూట్లు, ఇత్తడి శిరస్త్రాణాలు, చేతుల్లో తుపాకులు. ఇసుకపై నెమ్మదిగా, ఒంగుతూ, పాదం ఎత్తిన ప్రతిసారీ దుమ్ము లేపుతూ వారు నడిచే దృశ్యం ఈనాటికీ కళ్లప్పగించి చూసేలా ఉంటుంది. పనిచేసిన బహమా ఈతగాళ్ల పేర్లు మాత్రం తెరమీద రాలేదు.

నాలుగవది ఆక్టోపస్. నిజమైనదాన్ని చెప్పినట్లు ఆడించడం సాధ్యం కాదు. రబ్బరుతో పెద్ద ఆక్టోపస్‌ను చేశారు. దాని కడుపులో ఒక ఈతగాడు కూర్చొని, పీడనంతో గాలిని పంపుతూ, స్ప్రింగుల సహాయంతో చేతులను ఆడించేవాడు. మన తోలుబొమ్మను తెర వెనుక నుంచి ఆడిస్తారు. ఈ బొమ్మను లోపల నుంచే ఆడించారు. చూసినవారిలో అది నిజమైన జంతువే అనుకొన్నవారు ఉన్నారు.

1916 చివరలో చిత్రం విడుదలైంది. యూరపులో మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలమది. అంతకు ఏడాదిన్నర క్రితమే, 1915 మే నెలలో జర్మనీ జలాంతర్గామి 'లుసిటేనియా' అనే ప్రయాణికుల ఓడను ముంచింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. జలాంతర్గామి అనే మాట పత్రికల్లో రోజూ కనిపించేది. వెర్న్ కాలంలో వింతగా ఉన్నది ఇప్పుడు భయంగా మారింది. అటువంటి సమయంలో తెరమీద నాటిలస్ నీటిలోంచి లేచివస్తుంటే ప్రేక్షకులు ఎలా చూసి ఉంటారో ఊహించవచ్చు. చిత్రం ప్రారంభంలో వెర్న్‌కు నివాళి ఉంది. విలియమ్సన్ సోదరులు కూడా తెరమీద కనిపించి టోపీలు తీసి నమస్కరిస్తారు. వెర్న్ 1905లోనే మరణించాడు. తాను కాగితంపై చూపిన సముద్రాన్ని అతడు కంటితో చూడలేకపోయాడు.

చిత్రంలో నెమో తన అతిథులను ఒక గుండ్రటి కిటికీ దగ్గరకు తీసుకుపోతాడు. ఇనుప రేకులు తొలగుతాయి. బయట పగడపు వనాలు, చేపల గుంపులు. నవలలో వెర్న్ ఇదే దృశ్యాన్ని వర్ణించడానికి చేపల పేర్లు పేజీలకు పేజీలు రాశాడు. చదివే పిల్లలు చాలామంది ఆ పేజీలు తిప్పేస్తారు. తెరమీద పేర్లు అక్కరలేదు. చేప వస్తుంది, ఆగుతుంది, మనవైపు చూస్తుంది, వెళ్లిపోతుంది. ఇక్కడ సినిమా నవలను గెలిచింది. ఇది ఒప్పుకోవాలి.

మరి నెమో సంగతి? చిత్రంలో కూడా అతడు భారతీయ రాకుమారుడే. నెమోగా వేసినవాడు అలెన్ హొలుబార్ అనే అమెరికా నటుడు. ముఖానికి గోధుమరంగు పూసి, తెల్లగడ్డం పెట్టారు. తెల్లవారే రంగు పూసుకొని ఇతర జాతుల పాత్రలు వేయడం అప్పట్లో అక్కడ మామూలే. మన రాకుమారుడి భవనం, అతని కోట అన్నీ అక్కడే కట్టిన సెట్లు.

వేషం సంగతి అలా ఉంచితే, కథలో చేసిన మార్పు ఇంకా పెద్దది. చిత్రంలో డెన్వర్ అనే వర్తకుడొకడు ఉంటాడు. అతడు పూర్వం భారతదేశంలో ఉన్నప్పుడు రాకుమారుడి భార్యపై దౌర్జన్యం చేయబోతాడు. ఆమె ప్రాణాలు కోల్పోతుంది. వారి పసిబిడ్డను అతడు ఎత్తుకుపోయి ఒక దీవిలో వదిలేస్తాడు. ఆ దుర్మార్గుణ్ణి వెతకడానికే రాకుమారుడు నాటిలస్‌ను కడతాడు. చివరకు డెన్వర్ ఓడను పేల్చి పగ తీర్చుకొంటాడు. దీవిలో ఆకులు కట్టుకొని అడవిపిల్లలాగా పెరిగిన అమ్మాయే తన కూతురని తెలుసుకొంటాడు. ఆ సంతోషం తట్టుకోలేక ప్రాణం విడుస్తాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నవలలో నెమో పగ ఒక సామ్రాజ్యంపైన. చిత్రంలో అతని పగ ఒక మనిషిపైన. నవలలో అతడు పోగొట్టుకొన్నవాటిలో మొదటిది దేశం. చిత్రంలో అతడు పోగొట్టుకొన్నది సంసారం మాత్రమే, అందులో సగం తిరిగి దొరుకుతుంది కూడా. దుర్మార్గుడు ఒక్కడే అయితే వాడు చావగానే కథ ముగుస్తుంది, ప్రేక్షకుడు తేలికపడి ఇంటికి పోతాడు. దుర్మార్గం ఒక పాలనదైతే అంత తేలికగా ముగియదు. 1916లో భారతదేశం ఇంకా బ్రిటిషు పాలనలోనే ఉంది. చిత్రం తీసిన బహమా దీవులూ అదే పాలనలో ఉన్నాయి. 1857 వీరుణ్ణి అతని కారణాలతో సహా తెరమీద నిలబెట్టడం అక్కడి వ్యాపారులకు అవసరంగా తోచలేదు. పోలండు విషయంలో ఒక ప్రచురణకర్త అడ్డుపడ్డాడు. భారతదేశం విషయంలో అడ్డుపడవలసిన అవసరం కూడా ఎవరికీ రాలేదు.

ముత్యాల దృశ్యానికి పట్టిన గతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. చిత్రంలోనూ ముత్యాల కోసం మునిగే ఒక నల్లజాతి ఈతగాడు ఉన్నాడు. అతణ్ణి పట్టుకొనేది సొరచేప కాదు, ఆ రబ్బరు ఆక్టోపస్. నెమో గొడ్డలితో వచ్చి విడిపిస్తాడు. దృశ్యం ఉత్కంఠగా ఉంటుంది, నవలలోకంటే భయంకరంగా కూడా ఉంటుంది. కాని మన్నారు సింధుశాఖ పోయింది. ఆ ఈతగాడు ఏ దేశం వాడన్న ప్రశ్న పోయింది. దానితోపాటు, నేనూ ఆ దేశం వాణ్ణే అనే ఒక్క మాటా పోయింది. ఆ ఒక్క మాట కోసం ఆక్టోపస్ అక్కరలేదు, గొట్టం అక్కరలేదు, గాజు కిటికీ అక్కరలేదు. అక్షరాల పలక ఒకటి చాలు.

చిత్రంలో మరికొన్ని మార్పులూ ఉన్నాయి. శాస్త్రజ్ఞుడు ఆరొనాక్స్‌కు నవలలో లేని కూతురొకతె వచ్చింది. రెండు నవలల కథలు ఒకదానిలోకి ఒకటి జొరబడి, మధ్యలో ఎవరు ఏ ఓడలో ఉన్నారో తికమకగా ఉంటుంది. అక్షరాల పలకలు చాలా కష్టపడి ఆ ముడులు విప్పుతుంటాయి. ఇవి పట్టించుకోదగినవి కావు. వెర్న్ కూడా రెండు నవలల తేదీలను సరిపెట్టలేకపోయాడు. మొదటి నవల 1867, 1868లో జరుగుతుంది. రెండవ నవలలో అదే 1868లో నెమో ముసలివాడై మరణిస్తాడు.

చిత్రంలో అన్నిటికంటే గంభీరమైన దృశ్యం చివర వస్తుంది. నెమో మరణించాక అతని నావికులు శవపేటికను మోసుకొంటూ సముద్రం అడుగున నడిచిపోతారు. ఇసుకలో గొయ్యి తీస్తారు. తలలు వంచి నిలబడతారు. నవలలో ఇటువంటి అంత్యక్రియలు ఒక నావికుడికి జరుగుతాయి, పగడపు వనంలో. చిత్రకర్తలు దాన్ని నెమోకే జరిపించారు. అది మంచి మార్పు. పలకలు లేవు, మాటలు అక్కరలేదు. నిజమైన నీరు, నిజమైన ఇసుక, నెమ్మదిగా కదిలే మనుషులు. పియానో కూడా ఆగిపోతే బాగుండునని అనిపిస్తుంది.

ఎర్నెస్ట్ విలియమ్సన్ ఆ తరువాత కూడా బహమా దీవులను వదలలేదు. మరికొన్ని చిత్రాలకు నీటి అడుగు దృశ్యాలు తీశాడు. మ్యూజియంల కోసం పగడాలు సేకరించాడు. 1939లో తన గాజు కిటికీ గదిలోనే, సముద్రం అడుగున ఒక తపాలా కార్యాలయం కూడా నడిపాడు. అక్కడ ముద్ర వేయించిన కవర్ల కోసం తపాలా బిళ్లలు సేకరించేవారు పోటీ పడ్డారు.

వెర్న్ నవలను తరువాత చాలామంది తెరకెక్కించారు. 1954లో వాల్ట్ డిస్నీ సంస్థ రంగుల్లో, మాటలతో తీసినది బాగా ప్రసిద్ధి చెందింది. అందులో నెమోగా జేమ్స్ మేసన్ అనే ఇంగ్లీషు నటుడు చాలా బాగా చేశాడు. కాని ఆ నెమో భారతీయుడు కాడు. అక్కడ డక్కర్ పేరే వినిపించదు. ఆ విషయంలో పాత మూకీ చిత్రమే మేలు. రంగు పూసిన ముఖంతోనైనా అతని దేశం పేరు అది తెరమీద చెప్పింది. 2003లో వచ్చిన మరో ఇంగ్లీషు చిత్రంలో, కథ వేరే అయినా, నెమో వేషం మన దేశపు నటుడు నసీరుద్దీన్ షా వేశారు.

మూకీల కాలపు చిత్రాల్లో ఎక్కువ భాగం నేడు లేవు. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. సులభంగా మండుతుంది, మండకపోతే మెల్లగా జిగురై, పొడియై పోతుంది. టాకీలు వచ్చాక వాటికి విలువ లేదని పారేసినవే ఎక్కువ. ఈ చిత్రం మాత్రం బతికింది. సుమారు గంటా నలభై అయిదు నిమిషాల చిత్రాన్ని నేటికీ చూడవచ్చు. 2016లో, విడుదలై సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది, అమెరికా ప్రభుత్వం దీన్ని ఆ దేశం కలకాలం భద్రపరచవలసిన చిత్రాల పట్టికలో చేర్చింది.